పెద్ద లైను కింద మంత్రం

ట్యాంకరు పైపులోకి నీళ్లెక్కి ఒక్క ఊపు ఊగింది. గోపన్న దాన్ని చంక కింద అదిమిపట్టి, రెండో చేత్తో పొడుగు కర్రకు కట్టిన తుడుపు గుడ్డను సోలారు పలక మీద పైనుంచి కిందికి లాగాడు. నిన్నటి ఎర్రదుమ్ము పలచని బురదై జారి, అంచు దగ్గర కాసేపు ఆగి, కింది గడ్డిలోకి చుక్కలు చుక్కలుగా రాలింది. తూర్పు ఇంకా బూడిద రంగులోనే ఉంది. ఎండ ఎక్కేలోగా ఈ వరసలన్నీ కడగాలి. కాగిన అద్దం మీద చల్లనీళ్లు పడితే పగులుతుందని సూపర్‌వైజరు భయం.

కోడుమూరు అవతల మిట్టల మీద ఎటు చూసినా ఈ నల్ల పలకలే. వాటి కింద ఎక్కడో గోపన్న మెట్టచేను కూడా ఉంది. కంపెనీకి కౌలుకిచ్చిన మొదట్లో గట్టు మీది రేగుచెట్టును బట్టి గుర్తుపట్టేవాడు. చెట్టు కొట్టేశాక ఏ వరస కింద తన నేల ఉందో అతనికే తెలియకుండా పోయింది. తన చేలో తానే కూలి చేస్తున్నానా, పక్కవాడి చేలో చేస్తున్నానా అని కొన్నాళ్లు ఆలోచించి, అదీ మానుకున్నాడు.

అరవై దాటిన మనిషి. వంగి వంగి నడుము ఒక పక్కకు ఒరిగింది. కనుబొమ్మల్లో దుమ్ము పట్టి తెలుపేదో ఎరుపేదో తెలియదు. మెడ చుట్టూ తువ్వాలు. ఆ తువ్వాలు కొసలు రెండూ నలిగి, మెలితిరిగి, ఎండిన చిక్కుడుకాయల్లా ఉంటాయి. ముడి వేసీ విప్పీ, వేసీ విప్పీ అట్లా అయ్యాయి. మూడు మండలాల్లో ఎవరికి తేలు కుట్టినా, పాము కరిచినా గోపన్న ఫోన్ మోగుతుంది.

వరస రెండో కొసన యేసుప్రసాద్ ఉన్నాడు. అటునుంచి అతను, ఇటునుంచి గోపన్న కడుక్కుంటూ వచ్చి నడిమధ్యలో కలవాలి. దినమూ అంతే. కలిసే చోటు దగ్గరపడేకొద్దీ గోపన్న చెయ్యి నెమ్మదిస్తుంది.

"అప్పా, నీళ్లు తాగుతావా?" యేసుప్రసాద్ సీసా చాపాడు.

"వద్దులే ప్రసాదూ. ఇప్పుడే తాగినా."

తాగలేదు. నాలుక పిడచ కట్టుకుపోయి ఉంది. అయినా ఆ సీసా అందుకోడు. పోయిన వానాకాలం నుంచి యేసుప్రసాద్ చేతి నీళ్లు గోపన్న గొంతు దిగలేదు. ఇన్ని పనులుండగా ఈ మనిషి ఏరికోరి ఇదే ముఠాలో ఎందుకు చేరాడు? ఏనాడూ ఒక మాట అనడు, నిష్ఠూరమాడడు, ముఖం తిప్పుకోడు. అదే గోపన్నకు అనుమానం. పెళ్లాన్ని పోగొట్టుకున్న మనిషి ఇంత మెత్తగా ఉంటాడా? లోపల ఏదో పెట్టుకుని ఉంటాడు. ఎప్పుడో ఒకప్పుడు తీస్తాడు.

తలమీద పెద్ద లైను జుయ్యిమంటోంది. ఇక్కడ పుట్టిన కరెంటంతా ఆ తీగల మీదుగానే పోతుంది. మంచు పడిన తెల్లవారుజామున ఆ రొద ఇంకా గట్టిగా వినబడుతుంది. గోపన్న తలెత్తి దానికేసి చూసి, ఉమ్మేశాడు.

ఆ మంత్రం అతనికి మేనమామ ఇచ్చాడు. ఇస్తూ కట్టుబాట్లు చెప్పాడు. పైసా ముట్టకూడదు. పొట్లకాయ తినకూడదు. కబురు చెవిన పడగానే చేతిలో ఏముంటే అది వదిలెయ్యాలి, అన్నం ముద్దయినా సరే. కబురు తెచ్చినవాడి చెంప పగలగొట్టాలి, ఆ దెబ్బతో విషం ఎక్కడిదక్కడ నిలబడుతుంది. తరవాత తువ్వాలు కొసన ముడివేసి జపిస్తే, కరిపించుకున్న మనిషికి ఎక్కడిదాకా పాకిందో మంత్రగాని ఒంట్లో అక్కడిదాకా వేడి ఎక్కుతుంది. దాన్ని చేత్తో నిమిరి కిందికి దించి, ముడి విప్పి విదిలించాలి. గ్రహణం పట్టినప్పుడల్లా మొలలోతు నీళ్లలో నిలబడి మంత్రానికి మళ్లీ బలం పొయ్యాలి. హంద్రీ ఏట్లో మొలలోతు నీళ్లు ఏనాడుంటాయి? గోపన్న పశువుల నీళ్లతొట్టిలో చతికిలబడి జపం చేసేవాడు. గేదె పక్కన నిలబడి తన నీళ్లు ఎప్పుడు వదులుతాడా అని చూసేది.

ఫోన్లొచ్చాక చెంపదెబ్బకు చిక్కొచ్చింది. ఫోన్ చేసినవాణ్ణి కొట్టేదెట్లా? "నీ చెంప నువ్వే కొట్టుకోప్పా, గట్టిగా, నాకు ఇనపడల్ల" అని చెప్పేవాడు. కొందరు తొడమీద చరిచి చప్పుడు వినిపించేవాళ్లు. అదీ గోపన్నకు అనుమానమే.

భార్య గురమ్మకు ఇంకో బాధ. "పెండ్లయిన కాన్నుంచి ఒక్క పూటన్నా విస్తరి ఖాళీ చేసినావా? నేను కుక్కలకు వండినట్లాయె" అనేది. నిజమే. అతని బతుకంతా సగంలో లేచిన భోజనాలే. కూతురి పెళ్లి పందిట్లో కూడా పాయసం గిన్నె అట్లాగే వదిలి లేచాడు. దానికి బదులుగా అతనికి దొరికింది ఒక్కటే. సంతకు పోతే ముక్కూమొఖం తెలియనివాళ్లు చెప్పులు విడిచి దండం పెట్టేవాళ్లు.

పోయిన వానాకాలం యేసుప్రసాద్ ఫోన్ చేసినప్పుడు గోపన్న సరిగ్గా ఈ లైను కిందే గడ్డి కోస్తున్నాడు. "గోపన్నా, రెజీనాకు పాము కరిసిందప్పా, గడ్డిమోపులో ఉన్నింది, చేతి మీద…" యేసుప్రసాద్ వాళ్లది తాతల కాలం నుంచీ చర్చికి పోయే కుటుంబం. మంత్రమంటే పాపమనే ఇల్లు. అయినా ఆ గాబరాలో గోపన్నకే చేశాడు. గోపన్న కొడవలి పారేసి ముడి వేశాడు. వేడి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. "ఏం బయంలే. పైకెక్కల్యా. యాడికీ తీసకపోవద్దు, మందులు మాకులు పడినాయంటే మంత్రం ఇరుగుతాది" అన్నాడు. వాళ్లు ఆగారు. పొద్దువాలేసరికి ఆమె రెప్పలు వాలిపోయాయి. ఆటోలో కర్నూలుకు తీసుకుపోతుంటే కల్లూరు దగ్గర ప్రాణం పోయింది.

వేడి ఎందుకు ఎక్కలేదు? ఆ సంగతి తలచుకోని దినం లేదు. మంత్రం తప్పు పలికాడా? తొట్టి నీళ్లు చాలలేదా? చివరికి తేల్చుకున్నాడు. నెత్తిమీది లైను. అదే తినేసింది. ఆ మాట పట్టుకునే అప్పటినుంచీ నిద్రపోతున్నాడు.

ఎండ మొదటి వరస అంచును తాకగానే సూపర్‌వైజరు ఈల వేశాడు. అన్నాలయ్యాక గడ్డి కోత, అందాకా తీరికే. గేటు బయట బైకు మీద భూపేష్ ఎదురుచూస్తున్నాడు.

భూపేష్‌ది కోడుమూరులో పెద్ద రైతు కుటుంబం. కర్నూలులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. చిన్నప్పుడు తేలు కుట్టి ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంటే గోపన్నే దించాడు. రెండు నెలలుగా అయస్కాంత బలం కొలిచే మీటరు ఒకటి పట్టుకుని గోపన్న చుట్టూ తిరుగుతున్నాడు.

"మామా, ఈ పొద్దు లైను లేని చోటికి పోదామా?"

"పా సారూ. నీ డబ్బా ఏమంటాదో సూద్దాం."

బైకు మీద పోతూ భూపేష్ మళ్లీ చెప్పుకొచ్చాడు. "సూర్యుడు ఊరికే ఎలుగుతా ఉండేది కాదు మామా. దానిమీద మచ్చలు లేస్తాయి, అప్పుడప్పుడు పేలుతాది. ఆ ఊపు ఈడిదాకా వచ్చి భూమికుండే అయస్కాంతాన్ని కదిలిస్తాది. అట్లాంటి దినాల్లో ఇట్లాంటి శక్తులు మందగిస్తాయని బయటి దేశాల్లో కొందరు రాసినారు. పెద్ద లైన్ల కింద గూడా అంతే. సన్నగా అదురుతా ఉంటాది. మనకు తెలీదు గానీ మెదడుకు తెలుస్తాదంటారు."

"అంటారా, నిజమేనా?"

"కొందరు ఔనన్నారు. ఇంకొందరు మళ్లీ చూసి ఏమీ లేదన్నారు. అందుకే గదా నీకాడికి వచ్చింది."

"మా మామ గూడా గ్రహణం నాడు సూర్యునికాన్నే బలం తీసుకోమన్యాడు. ఆయప్ప ఏం సదివినాడు? సంతకం గూడా రాదు." గోపన్నకు ఆ మాటతో ఛాతీ కాస్త విరుచుకుంది. వెంటనే అనుమానమూ వచ్చింది. ఈ సారు పెట్రోలు పోసుకుని ఇంత దూరం తిరిగేది ఏం రాబట్టడానికి?

బీడు భూమిలో, నాపరాళ్లు పేర్చిన ఒక గోడ నీడన బైకు ఆగింది. ఇక్కడ లైను లేదు, స్తంభం లేదు. మీటరు మీది అంకె జారి జారి సున్నా దగ్గరికొచ్చింది. ఇద్దరూ కూర్చున్నారు. భూపేష్ ఏదో అడగబోతుండగా గోపన్న ఫోన్ మోగింది.

ఆడపిల్ల గొంతు. ఏడుస్తోంది. "తాతా, తేలు కుట్టింది… కుడికాలు… పేరు శిల్ప… ఓర్సుకోలేకున్నా తాతా…"

గోపన్న లేచి నిలబడ్డాడు. "చెంప కొట్టుకో పాపా!" చప్పుడు వినిపించింది. తువ్వాలు కొసకు ముడి పడింది. పెదవులు కదిలాయి. ఒక్క క్షణంలో అతని కుడి మడమ చుర్రుమంది. పిక్కలోకి పాకింది. మోకాలు దాటింది. తొడలో నిప్పుకణిక పెట్టినట్లయింది. ఇన్నేళ్లలో ఇంత స్పష్టంగా ఎన్నడూ ఎక్కలేదు. నిమిరి నిమిరి దించి, ముడి విప్పి విదిలించేసరికి చొక్కా అంతా తడిసింది.

"దిగింది పాపా?"

"దిగింది తాతా."

గోపన్న భూపేష్ రెండు చేతులూ పట్టుకున్నాడు. "సూసినావా సారూ! లైను ల్యాకపోతే ఎట్లెక్కిందో! తొడకాడికి వచ్చింది! ఆ పొద్దు మణికట్టు దాటల్యా. నాది తప్పు కాదు. మంత్రం తప్పు కాదు. ఆ లైను సారూ, ఆ లైనే తినింది ఆ యమ్మను!" అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడే పోయి యేసుప్రసాద్‌కు చెప్పాలి. నలుగురిలో చెప్పాలి. ఈ సారు పక్కన ఉండగా చెప్పాలి.

భూపేష్ చేతులు విడిపించుకోలేదు. తల వంచుకున్నాడు.

"మామా… ఆ పాప నా స్టూడెంటు. నేనే చెయ్యమన్నా. దానికేం కుట్టలేదు."

గోపన్నకు మొదట అర్థం కాలేదు. తన తొడ చూసుకున్నాడు. అక్కడ ఇంకా చిమచిమలాడుతోంది.

"మరి దిగిందనె?"

"అట్లా అనమని నేనే చెప్పినా."

గోడ రాళ్ల సందులోంచి తొండ ఒకటి తల బయటపెట్టి ఇద్దర్నీ చూసి లోపలికి పోయింది.

"మామా, ఒక్క తూరికే తేలేది కాదులే," భూపేష్ తొందరగా అన్నాడు. "రెండు దినాలుగా సూర్యుడు గూడా సరిగ్గా లేడు. పెద్ద తుఫాను లేచిందని నిన్ననే చెప్పినారు. అందువల్ల నీకు లేనిది గూడా ఉన్నట్లు…"

"లైను కాకపోతే సూర్యుడా?" గోపన్న గొంతు తగ్గింది. "రేపు సూర్యుడు గూడా కాదంటే ఎవురి మీదికి తోస్తావు సారూ?"

భూపేష్ మీటరు ఆర్పేసి జేబులో వేసుకున్నాడు.

"నీకు చిన్నప్పుడు నిజంగానే దిగిందా? ల్యాకపోతే ఏడ్సి ఏడ్సి నిద్రపోయినావా?"

"నాకు గుర్తులేదు మామా," అన్నాడు భూపేష్. బైకు ఎక్కబోతూ, "దిగిందనే అనుకుంటాండా," అన్నాడు.

గేటు దగ్గర భూపేష్ బైకు దిగి ఏదో చెప్పబోయాడు. గోపన్న వెనక్కి చూడకుండా లోపలికి నడిచాడు. దారంతా అతను లెక్క వేసుకుంటూనే ఉన్నాడు. కుట్టని తేలుకు తొడదాకా ఎక్కిన వేడి, కరిచిన పాముకు మణికట్టు దగ్గర ఆగింది. అంటే ఆ వేడి ఎవరిది? లైను తినడానికి అసలు ఏమైనా ఉండిందా? ఏమీ లేకపోతే, యాడికీ తీసుకుపోవద్దని చెప్పిన నోరు ఒక్కటే మిగులుతుంది.

ట్యాంకరు నీడలో ముఠా అంతా అన్నాలకు కూర్చుంది. గోపన్న ఓ మూలకు పోయి డబ్బా మూత తీశాడు. జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి, కొంచెం పప్పన్నం. రొట్టె తుంచి నోట్లో పెట్టుకోబోతుండగా ఫోన్ మళ్లీ మోగింది.

"గోపన్నా! నేను బసవన్ననప్పా, మిట్టమీది కొట్టాల కాన్నుంచి. మా యాడదానికి పాము కరిసింది. పత్తిచేలో… కాలిమీద… తొందరగా ఎయ్యప్పా, నీకు దండం పెడ్తా."

గొంతు వణుకుతోంది. మరీ ఎక్కువ వణుకుతోంది, నాటకంలో ఏడ్చినట్లు. వెనక ఎవరో పిల్లలు కిలకిలమంటున్నట్లు వినబడింది. గోపన్న ముఖం నల్లబడింది. ఒక్కసారి చాల్లేదా సారుకు? మళ్లీ ఎవరినో పురమాయించాడా? ఇప్పుడు లైను కింద ఉన్నాను కదా, ఇక్కడ ఎంత ఎక్కుతుందో చూద్దామని!

"ఎవుడ్రా నువ్వు?" అని అరిచాడు. తింటున్న వాళ్లంతా తలెత్తారు. "నాతో ఆటలాడతాండావా? నాకాడ మంత్రంల్యా, మన్నుల్యా! నిజంగా కరిసింటే కర్నూలు పెద్దాసుపత్రికి ఎత్తకపోరా, నాకేంటికి చేస్తాండావు? ఇంకొకతూరి ఫోన్ చేసినావంటే చెప్పు తీసుకుని కొడ్తా!"

ఫోన్ పక్కన పడేసి రొట్టె నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకో ముక్క తుంచాడు. రొట్టె అయిపోయింది, బిండి అయిపోయింది, డబ్బా అంచున అంటుకున్న మెతుకులు కూడా వేలితో తీసి తిన్నాడు. యేసుప్రసాద్ ముద్ద చేతిలోనే పట్టుకుని కన్నార్పకుండా అతన్నే చూస్తున్నాడు.

సాయంత్రం మినీలారీలో ఇళ్లకు బయలుదేరారు. ఊళ్లకు ఎడంగా కంకర దారి. గోపన్న ఫోన్ మోగింది. అదే నంబరు. ఎత్తకూడదనుకున్నాడు. ఎదురుగా కూర్చున్న యేసుప్రసాద్ చూస్తున్నాడని ఎత్తాడు. బసవన్న గొంతు బండి చప్పుడును మించి అందరికీ వినబడింది.

"గోపన్నా, నీ కాళ్లు కడిగి ఆ నీళ్లు తాగల్ల! బతికిందప్పా! కండ్లు తెరిసింది! పిల్లోల్లు ఒకటే ఏడ్సుడు, నాకు దిక్కు తోచల్యా. నువ్వు తిట్టేటప్పటికి బయమేసి ఆటోలో ఏసుకోని కర్నూలుకు ఉరికించినా. ఇంగ కొంచేపుంటే దక్కేది కాదన్యారు డాక్టర్లు."

కిలకిల అని గోపన్న విన్నది పిల్లల ఏడుపు.

"ఇను బసవన్నా. నేను మంత్రమెయ్యల్యా. ముడి గూడా ఎయ్యల్యా. నా దాంట్లో ఏమీ ల్యా. ఆ డాక్టర్లే…"

"ఆ, సూదులు ఏసినార్లే. అది యారే సంగతి. నువ్వు చెప్పు తీసుకుని కొడ్తానన్యావు సూడు, ఆడికే సగం దిగిపాయ. చెంపదెబ్బే దిగుతాదంటే చెప్పుదెబ్బ దిగదా? నువ్వు పెద్దోనివి, నీ నోటితో నువ్వు చెప్పుకోవులే."

లారీలో వాళ్లంతా గొల్లుమన్నారు. "ఇంగ మనకందరికీ చెప్పుదెబ్బలేప్పా!" అన్నాడొకడు. "గోపన్న చెప్పులు జాగర్తగా పెట్టుకోండి, దేవునింట్లో పెట్టల్ల," అని ఇంకొకడు. ఒక ముసలి కూలీ మాత్రం నవ్వకుండా రెండు చేతులూ ఎత్తి గోపన్నకు దండం పెట్టింది.

"కాదు. నేను అబద్దమనుకోని తిట్టినా," అన్నాడు గోపన్న. "ఎవురో ఆటలాడతాండారనుకున్యా." ఆ మాట ఎవరికీ పట్టలేదు. నవ్వులు ఇంకా పెరిగాయి.

యేసుప్రసాద్ కూడా నవ్వలేదు. బండి ఒక గుంతలో పడి లేచింది. అతను కొంచెం ముందుకు వంగాడు. గొంతులో కోపం లేదు. పొద్దున నీళ్లు తాగుతావా అని అడిగిన గొంతే.

"ఆ పొద్దు నన్ను గూడా ఇట్ల తిట్టింటే బాగుండు గదప్పా," అన్నాడు.

అంతే అన్నాడు. మళ్లీ బయటికి చూస్తూ కూర్చున్నాడు.

గోపన్న దగ్గర చెప్పవలసినవి ఏవేవో ఉండేవి. లైను, మణికట్టు, తొట్టి నీళ్లు. తన ఊరి మలుపు దగ్గర బండి ఆగితే దిగాడు. దిగి, యేసుప్రసాద్ ముఖం కేసి చూశాడు. ఎనిమిది నెలలుగా ఆ ముఖంలో దేన్ని వెతికాడో అది అక్కడ లేదు. గడ్డం గీసుకోని ఒంటరి మనిషి ముఖం. లారీ కదిలి, దుమ్ము లేచి, ఆ ముఖం కనబడకుండా పోయింది.

ఇంటి ముందు అప్పటికే ఇద్దరు ముగ్గురు చేరారు. బసవన్న కబురు ఫోన్లలో తనకంటే ముందొచ్చింది. ఒకడు వెన్నునొప్పికి కూడా తిట్టమన్నాడు. గోపన్న వాళ్లకు చేతులు జోడించి, "నాకు తెలీదప్పా, ఆసుపత్రికి పోండి" అని అందరికీ అదే మాట చెప్పాడు. వాళ్లు తలలూపుకుంటూ, తృప్తిగా వెళ్లారు. తలుపేసుకుని గురమ్మ పక్కన కూర్చున్నాడు. "ఈడ ఉంటే వీళ్లు నన్ను వదల్రు," అన్నాడు. "ఇంగొకర్ని సంపుతా."

గురమ్మ లేచి చీరలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

మర్నాడు ముఠా లారీ మలుపు దగ్గర ఆగి హారను కొట్టింది. ఎవరూ రాలేదు. యేసుప్రసాద్ దిగి వెళ్లి చూశాడు. తలుపుకు తాళం. పక్కింటి స్వర్ణలత వాకిలి ఊడుస్తోంది.

"మొదటి బస్సుకే పోయినారన్నా. కమలాపురం పక్క కూతురుండాది గదా, ఆడికి. నంబరు గూడా మార్చుకుంటాడంట. ఏమన్నా చెప్పల్లనా?"

యేసుప్రసాద్ తాళాన్ని ఒకసారి లాగి చూశాడు. "ఏం లేదమ్మా," అని లారీ ఎక్కాడు.

మధ్యాహ్నం బసవన్న వచ్చాడు. పైసా ముట్టని మనిషికి దుడ్లిస్తే తప్పని, ఇంట్లో నెయ్యి పోసి పూర్ణం బక్షాలు చేయించి క్యారియర్‌లో తెచ్చాడు. తాళం చూసి, పనికి పోయుంటాడనుకుని, తలుపు గొళ్లానికి దాన్ని తగిలించి, గడపకు దండం పెట్టుకుని వెళ్లిపోయాడు. పొద్దువాలేసరికి పడమటి ఎండ ఆ స్టీలు గిన్నెల మీద పడింది. వేడికి కరిగిన నెయ్యి మూత సందులోంచి సన్నగా కారి, తలుపు చెక్క మీదుగా కిందికి దిగుతోంది. దానికి ఎదురుగా ఎర్రచీమల బారు పైకెక్కుతోంది.